షోలాపూర్‌కు మన నేతవాళ్లు ఎందుకు వెళ్లారు? ఇప్పుడు ఆ ఊరు ఎవరిది?

ప్రశ్న: చౌటుప్పల్ దారి

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చౌటుప్పల్‌కు దగ్గరగా ఉన్న ఒక నేత గ్రామం. మా వైపు మహారాష్ట్రలోని షోలాపూర్‌లో చుట్టాలు లేని పద్మశాలి ఇల్లు వెతికినా దొరకదు. కొందరి తాతలు, కొందరి ముత్తాతలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. పెళ్లి సంబంధాలు నేటికీ అటూ ఇటూ కుదురుతూనే ఉన్నాయి. పెద్దవాళ్లు ఉండగానే మా ఊరి వలసల సంగతిని ఒక వ్యాసంగా రాసి పెట్టాలని కూర్చున్నాను గాని, అక్కడి బంధువులు చెప్పే మాటలు ఒకదానితో ఒకటి పొసగక కలం ముందుకు సాగడం లేదు. మా మేనమామ గారి దృష్టిలో షోలాపూర్ తెలుగువాళ్లు నిలబెట్టిన పట్నం. మా పెద్దమ్మ కొడుకేమో, మూడు తరాలు గడిచినా మనం మరాఠీ వాళ్ల ఊళ్లో పొట్టకూటికి పోయినవాళ్లమే తప్ప మరొకటి కాదంటాడు. ఆయన పక్కింటి లింగాయతు కుటుంబం, అది కన్నడ శివభక్త కవి సిద్ధరామేశ్వరుడి ఊరు కాబట్టి మొదటి నుంచీ కన్నడ ఊరేనని వాదిస్తుందట.

హైదరాబాదు చేరువలో ఉండగా, బొంబాయి అంత పెద్దది ఉండగా, మనవాళ్లు షోలాపూర్‌నే ఎందుకు ఎంచుకున్నారు? వెళ్లినవాళ్లు మిల్లులో పనిచేశారా, మగ్గం మీదనే బతికారా? ఇన్ని భాషల వాళ్లు ఒకే ఊళ్లో ఎలా సర్దుకున్నారు, మిల్లులు మూతపడిన తరువాత ఇప్పుడు అక్కడి బతుకు దేని మీద నడుస్తోంది? చదివినవారు, అక్కడ ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఇది కులగౌరవం కోసం రాస్తున్న వ్యాసం కాదు, అందుచేత చేదు విషయాలైనా దాచకుండా చెప్పండి.


జవాబు: పడుగు పేక

అన్నగారూ, ఎందుకు వెళ్లారన్నదానికీ, మిల్లా మగ్గమా అన్నదానికీ నాకు తెలిసినంత చెబుతాను. మిగతావి అక్కడ ఉన్నవాళ్లు చెబితేనే బాగుంటుంది.

షోలాపూర్ పెరుగుదలకు మొదటి కారణం రైలు. బొంబాయి నుంచి బయలుదేరిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గం 1860 ప్రాంతంలో షోలాపూర్‌కు, 1871 నాటికి రాయచూరుకు చేరింది. 1874లో ఆ మార్గం మీది వాడి నుంచి హైదరాబాదుకు నిజాం రైలు కలిసింది. చుట్టుపక్కల నల్లరేగడిలో పండే పత్తి, దాన్ని మోసుకుపోయే రైలు రెండూ ఒకచోట ఉండడంతో, బొంబాయి వ్యాపారి మొరార్జీ గోకుల్‌దాస్ 1877లో అక్కడ షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు పెట్టాడు. తరువాత వచ్చిన వాటి నుంచి వేరుగా గుర్తించడానికి దాన్నే జనం జూనీ మిల్లు, అంటే పాత మిల్లు అన్నారు. ఆ వెనుక నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు, జామ్ మిల్లులు వరుసగా వచ్చాయి. సరిగ్గా జూనీ మిల్లు లేస్తున్న ఏళ్లలోనే మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి మహా కరువు దక్కను అంతటినీ పీల్చేసింది. తిండిగింజలే కొనలేని రైతు బట్ట కొనడు, బట్ట కొనేవాడు లేకపోతే ముందుగా పస్తు పడుకునేది నేతగాడే. బండి బాటల మీద అంతకుముందే మొదలైన వలస, కరువుతోనూ రైలుతోనూ ఊపందుకుంది.

అయితే మన వాళ్లందరూ మిల్లు కూలీలుగా వెళ్లారనుకుంటే పొరపాటు. మిల్లుల్లో తెలుగువాళ్లు పనిచేసిన మాట నిజమే గాని, పద్మశాలీలలో ఎక్కువమంది పట్టుకున్నది చేమగ్గాన్నే. మిల్లు ఉన్న ఊళ్లో చేమగ్గం ఎలా బతికిందని సందేహం రావచ్చు. మిల్లు మొదట చేసింది నూలు. ఆ నూలు చేమగ్గానికి చేతికందే దూరంలో దొరికింది. మరాఠీ స్త్రీలు కట్టే తొమ్మిది గజాల రంగుల చీరకు కొంగు, అంచు వేరువేరుగా నేయవలసి ఉండేది, రకరకాలుగా మారే ఆ గిరాకీకి పెద్ద మిల్లు సులభంగా ఒదగలేదు. ఆ సందులో షోలాపూర్ చేమగ్గం బలపడి, బొంబాయి రాష్ట్రపు దక్కను ప్రాంతంలోనే పెద్ద నేత కేంద్రంగా ఎదిగింది.

మన ఊళ్లో మగ్గం ఇంటిది, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరుగుతారు. అక్కడ అలా కాదు. నాలుగు డబ్బులు కూడబెట్టిన పద్మశాలీ తన ఇంటిలో పది మగ్గాలు దింపి కార్ఖానాదారు అయ్యేవాడు, ఊరి నుంచి కొత్తగా వచ్చిన కులపువాడు అందులో కూలికి నేసి, రాత్రి ఆ మగ్గాల నడుమనే పడుకునేవాడు. వచ్చేటప్పుడు చేతిలో పెట్టిన ముందుపైకం బాకీగా మారి, అది తీరేదాకా మరో కార్ఖానాకు పోవడానికి వీలుండేది కాదు. ఆదరించినవాడూ మనవాడే, కట్టిపడేసినవాడూ మనవాడే. మీ మేనమామ గారి మాట, మీ పెద్దమ్మ గారి అబ్బాయి మాట ఒకదానికొకటి ఎదురుగా కనబడడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. ఒకరి తాత కార్ఖానా పెట్టి ఉంటాడు, మరొకరి తాత అందులో నేసి ఉంటాడు.

మరొక కారణం కూడా ఉంది. షోలాపూర్ బ్రిటిష్ ఏలుబడిలోని ఊరు, అటు నల్‌దుర్గం వైపు కొద్ది దూరం పోతే నిజాం సరిహద్దు. వెట్టి, దేశ్‌ముఖుల దౌర్జన్యం భరించలేని మనిషికి సరిహద్దు అవతల పని దొరికే మొదటి పెద్ద పట్నం అది. నిజాం ప్రభుత్వం మీద ఆర్యసమాజం తలపెట్టిన సత్యాగ్రహానికి 1938 డిసెంబరులో సభ జరిగిందీ, సత్యాగ్రహులు బయలుదేరిందీ షోలాపూర్ నుంచే. 1947-48లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలకు కూడా అది ఒక ఆధారం. మీ ఊరి వలసలలో కరువు నాటివి ఏవో, రజాకార్ల నాటివి ఏవో విడదీసి అడిగితే కథ చాలా తేటపడుతుంది.


జవాబు: పూర్వభాగ్ పంతులు

నేను షోలాపూర్‌లో పుట్టి, అక్కడి తెలుగు మాధ్యమం బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా పూర్వీకులది దేవరకొండ వైపు. పైన తమ్ముడు రాసిన కార్ఖానా సంగతి అక్షరాలా నిజం, మా నాన్నగారు అటువంటి కార్ఖానాలోనే చిన్నప్పటి నుంచి కండెలు చుట్టి పెద్దయ్యారు.

ఊరి తూర్పు సగాన్ని ఇక్కడ ఏ భాషవాళ్లయినా పూర్వభాగ్ అనే అంటారు. సాఖర్‌పేట, దాజీపేట, అశోక్ చౌక్, దత్తనగర్, ఈ వీధులన్నింటిలో తెలుగు వినబడుతుంది. అయితే తెలుగువాళ్లంటే పద్మశాలీలు మాత్రమేనని మన వ్యాసాలలో రాసేస్తూ ఉంటారు, అది అన్యాయం. చెప్పుల పని చేసే మోచీల ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు, వాళ్ల వాడలు వేరు, వాళ్ల కష్టం వేరు. పడమటి వైపు, పాత కోట చుట్టూ మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవారు కలిసీ విడివిడిగానూ ఉన్నారు. బజారులో కూర్చునే వ్యాపారికి ఈ నాలుగు భాషలూ రావాలి, రాకపోతే బేరం సాగదు.

కన్నడ ఊరన్న పక్కింటివారి మాటలో సగం నిజం ఉంది. పన్నెండో శతాబ్దపు వచనకారుడైన సిద్ధరామేశ్వరుడి పేరు మీదనే ఈ ఊరికి పవిత్రత వచ్చింది, చెరువు నడుమ గుడి ఆయనదే. ఆయనను పెళ్లాడతానని పట్టుబట్టిన కుమ్మరి కన్యకు తన యోగదండంతో వివాహం జరిపించాడన్న కథను సంక్రాంతికి జరిగే గడ్డ జాతరలో ఏటా నడిపిస్తారు. ఎత్తయిన నందిధ్వజాలు కదిలినప్పుడు అక్షతలు చల్లేవాళ్లలో అన్ని భాషలవాళ్లూ ఉంటారు. మనకేమో శ్రావణంలో నూలి పున్నమి నాడు మార్కండేయ రథోత్సవం, ఆ రోజు పూర్వభాగ్‌లో మగ్గం ఆడదు. దసరాకు మా వీధుల్లో బతుకమ్మ ఆడతారు. ఎవరి పండుగ వాళ్లు చేసుకుంటూ పక్కవాడి పండుగకు దారి ఇవ్వడమే ఇక్కడి పద్ధతి. దాన్ని గొప్ప సమైక్యత అని పొగడను, చిన్నదని తీసివేయను.

ఇక మీరు తప్పకుండా రాయవలసింది ఆడవాళ్ల గురించి. మగవాడు మగ్గం దగ్గర కూర్చుంటే, ఇంటి ఇల్లాలు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. కంపెనీ ఇచ్చే ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకోవడం, చుట్టిన కట్టలు తిరిగి అప్పజెప్పడం, వాటిలో కొన్ని బాగా లేవని తీసివేస్తే మారు మాట్లాడకుండా రావడం, ఇది తరతరాల దినచర్య. మగ్గం ఆగిన నెలల్లో ఇంటిని నిలబెట్టింది ఆ చాటే. వీరిని కూడగట్టిన మార్క్సిస్టు నాయకుడు నర్సయ్య ఆడం, మనవాడే, ఇక్కడ అందరూ ఆడం మాస్టర్ అంటారు, శాసనసభకు కూడా ఎన్నికయ్యాడు. ఊరికి ఆనుకుని ఉన్న కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుతో 10,000 ఇళ్లు కట్టి, 2006లో ప్రధాని మన్‌మోహన్ సింగ్ చేతుల మీదుగా అందజేశారు. అదే కుంభారి వైపు అసంఘటిత కార్మికుల కోసం రాయ్‌నగర్ పేరుతో 30,000 ఇళ్ల పథకం చేపట్టి, 2024 జనవరిలో 15,000 ఇళ్లు ప్రధాని మోదీ సమక్షంలో అప్పగించారు. తాళంచెవి తీసుకున్న ఆడవాళ్లలో ఎంతమంది అమ్మమ్మలది నల్లగొండ, పాలమూరు అని అడిగితే మీ వ్యాసానికి ఒక అధ్యాయం దొరుకుతుంది.

పొట్టకూటికి పోయినవాళ్లమే అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. 1980 నుంచి 1989 దాకా గంగాధర్ కుచన్, ఆ తరువాత 1996 దాకా ధర్మన్న సాదుల్, ఇద్దరూ పద్మశాలీలే, షోలాపూర్ తరఫున లోక్‌సభలో కూర్చున్నారు. కూలికి పోయిన ఊళ్లో ఇంతకాలం ప్రతినిధులుగా ఎవరు నిలబడనిస్తారు? నా బాధ వేరొకటి. మా మనుమలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. బడి మరాఠీదో ఇంగ్లీషుదో, ఉద్యోగం పుణెలోనో హైదరాబాదులోనో. నేను పాఠాలు చెప్పిన బడి వంటి వాటిలో పిల్లలు తగ్గిపోయారు.


చౌటుప్పల్ దారి:

పంతులు గారికీ, తమ్ముడికీ కృతజ్ఞతలు. ఆడవాళ్ల సంగతి నా పథకంలోనే లేదు, ఇప్పుడు అదే ముందుకు వచ్చింది. ఒక చిన్న అనుబంధ ప్రశ్న. మా మేనమామ గారు 1930లో షోలాపూర్‌లో సైనిక పాలన పెట్టారనీ, నలుగురు వేర్వేరు కులమతాల వాళ్లను కలిపి ఉరితీశారనీ తరచూ చెబుతారు. ఆ నలుగురి మరణమే ఈ ఊరి ఐక్యతకు రుజువని ఆయన నమ్మకం. దీన్ని వ్యాసంలో ఎంతవరకు వాడుకోవచ్చు?


జవాబు: కృష్ణ ఒడ్డు

మాది మక్తల్ వైపు, చదువు రీత్యా షోలాపూర్ కార్మికుల చరిత్రను కొంత చదివాను. సంఘటన నిజం. దాన్ని రుజువుగా వాడేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

1930 ఏప్రిల్ 6న షోలాపూర్ పురపాలక సంఘ భవనం మీద జాతీయ పతాకం ఎగిరింది. మే మొదటి వారంలో గాంధీజీని అరెస్టు చేశారన్న వార్త రాగానే మిల్లు కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారు, మే 8న పోలీసు కాల్పులు జరిగాయి, జనం పోలీసు ఠాణాల మీద పడ్డారు. అధికారులు ఊరు విడిచి తప్పుకోగా కొద్ది రోజుల పాటు వాలంటీర్లే ఊరి రాకపోకలను నడిపారు. మే 12న సైనిక శాసనం పెట్టి సైన్యాన్ని దించారు. పోలీసుల హత్య నేరం మోపి మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకిషన్ సార్డా, జగన్నాథ్ శిందే అనే నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీశారు. ఒకరు లింగాయతు, ఒకరు ముస్లిం, ఒకరు మార్వాడీ, ఒకరు మరాఠీ. షోలాపూర్ నడిబొడ్డున వారి విగ్రహాలున్నాయి, ఏటా జనవరి 12న పూలదండలు పడతాయి.

ఆ మే నెలలో ఊరంతా ఒక్కటిగా లేచింది, అందులో సందేహం లేదు. అయితే అదే ఊళ్లో అదే రోజుల్లో మిల్లుకు ఆనుకుని ముళ్లకంచె వేసిన సెటిల్‌మెంట్ ఒకటి ఉండేది. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన బ్రిటిష్ వాళ్ల నేరస్థ జాతుల చట్టం కింద పార్ధీ, కైకాడీ వంటి జాతుల కుటుంబాలను అందులో ఉంచి, హాజరు తీసుకుని, మిల్లు పనికి పంపి, తిరిగి లోపలికి తోలేవారు. స్వాతంత్ర్యం వచ్చి ఆ చట్టం రద్దయ్యేదాకా ఇది సాగింది. కంచె పోయినా ఆ ప్రాంతానికి సెటిల్‌మెంట్ అన్న పేరు పోలేదు. ఊరి ఐక్యత గురించి రాసే ప్రతివారూ నలుగురు అమరుల దగ్గర ఆగుతారు, కంచె దగ్గరికి వచ్చేసరికి దాటిపోతారు. మీరు చేదు దాచవద్దన్నారు కాబట్టి చెబుతున్నాను.

నా ఆలోచన ఇది. ఈ ఊరిని కలిపి ఉంచింది పని. అంటే ప్రేమ లేదని కాదు, పని తెగితే ప్రేమ ఒక్కటే నిలబెట్టలేదని. గుజరాతీ, మార్వాడీ పెట్టుబడి, చుట్టుపక్కల మరాఠీ, కన్నడ పల్లెల నుంచి వచ్చిన మిల్లు కూలీలు, మన వైపు నుంచి వెళ్లిన నేతగాళ్లు, మోమిన్లనే ముస్లిం నేతగాళ్లు, ఇలా ఒక్కో గుంపుకు ఒక్కో పని దక్కింది. ఇళ్లు వేరు, పెళ్లిళ్లు వేరు, మిల్లు కూలీలు ఉండే వరుస గదుల చాళ్లలో కూడా కులాన్ని బట్టి వరుసలు వేరు. నూలు మిల్లు నుంచి కార్ఖానాకు, చీర కార్ఖానా నుంచి మార్వాడీ కొట్టుకు నడవాలి కనుక ఒకరి భాష ఒకరు నేర్చుకున్నారు. 1960లలో జూనీ మిల్లు మూతపడింది. మిగతా పెద్ద మిల్లులు కూడా ఇరవై ఒకటో శతాబ్దం మొదటి ఏళ్లకల్లా ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. మిల్లు స్థలాల మీద ఏం కట్టాలన్న తగవులే మిగిలాయి. మిల్లు గేటు దగ్గర మూడు పాళీలలో కలిసే మనుషులకు ఇప్పుడు కలిసే చోటు తక్కువ. పంతులు గారి బడిలో పిల్లలు తగ్గడం కూడా ఇందులో భాగమేనని నాకు అనిపిస్తుంది, ఆయన ఒప్పుకుంటారో లేదో.

మరొక మాట. రాకపోకలు ఒకవైపు నుంచే జరగలేదు. మా నారాయణపేట చీర అంచు చూడండి, అది మరాఠీ స్త్రీల అభిరుచిని ఎరిగి నేసిన అంచు. ఆ చీర కొనుక్కునేవాళ్లలో చాలామంది భీమా నదికి అవతల ఉన్నారు. మూడు భాషలు మాట్లాడే మా వైపు వాళ్లకు షోలాపూర్ ఏనాడూ పరాయి ఊరుగా తోచలేదు. మీ నల్లగొండ నుంచి చూస్తే దూరం, మాకు పక్క ఊరు.


జవాబు: నల్లగొండ బట్టల కొట్టు

నాకు చరిత్ర తెలియదు, దుప్పట్లు తెలుసు. చీరలకు గిరాకీ తగ్గాక షోలాపూర్ నేతగాళ్లు మగ్గానికి నమూనాలు తీసే జకార్డు పెట్టి రంగురంగుల నూలు దుప్పట్లు మొదలుపెట్టారు, తరువాత చేమగ్గం పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు వచ్చాయి. పుల్గం, చాట్ల వంటి తెలుగు ఇంటిపేర్లే దుప్పటి ముద్రలయ్యాయి, కొనేవాళ్లు ఆ పేరు పెట్టి అడుగుతారు. మన పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చిన కొద్ది కాలానికే షోలాపూర్ దుప్పటికి, తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చినా పానిపట్టు నుంచి అదే పూల నమూనాతో తేలికపాటి దుప్పటి సగం ధరకు దిగుతోంది, దాన్ని షోలాపూర్‌దని అమ్మేవాళ్లూ ఉన్నారు. చేతిలో పట్టుకుని బరువు చూస్తే తెలిసిపోతుంది. ఇప్పుడు అక్కడి సాంచాల మీద దుప్పటి కన్నా టెర్రీ తువ్వాళ్లే ఎక్కువగా ఆడుతున్నాయి, విదేశాలకు పోయేవి అవే. నూలు ధర పెరిగినా కరెంటు బిల్లు పెరిగినా చిన్న యజమాని ముందు సాంచాను పాత ఇనుము కింద అమ్ముతాడు. కొత్తగా బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని బాగా పెరిగింది, మా కొట్టుకు కూడా సరుకు అక్కడి నుంచే వస్తుంది. కుట్టు మిషన్ల దగ్గర కూర్చునేది మళ్లీ ఆడవాళ్లే, బీడీ చాట వదిలి వచ్చినవాళ్లు కొందరు.


జవాబు: పూర్వభాగ్ పంతులు

కృష్ణ ఒడ్డు గారూ, బడి గురించి మీరన్నది సగం ఒప్పుకుంటాను. మిల్లు ఉన్న రోజుల్లోనే మా కార్ఖానాదార్ల పిల్లలు మరాఠీ బడికి మళ్లారు. పని పోవడం కన్నా ముందే ఆశ దారి మార్చింది. సెటిల్‌మెంట్ గురించి మీరు రాసినదానికి నేను కలిపేదేమీ లేదు, మా తరం ఆ కంచె పక్కగా నడిచి బడికి పోయింది, ఎవరమూ అడగలేదు.

చౌటుప్పల్ తమ్ముడికి ఒక సలహా. నూలి పున్నమికి రండి, ఆ రోజు పూర్వభాగ్‌లో ఏ ఇంటి ముందు నిలబడినా పెద్దవాళ్లు దొరుకుతారు. రైలు కన్నా బస్సు మేలు, మీ ఊరి ముందు నుంచి హైదరాబాదు మీదుగా పుణె వెళ్లే జాతీయ రహదారి 65 మా ఊరి మీదుగానే పోతుంది. వచ్చేటప్పుడు మీ గ్రామం నుంచి వెళ్లిన ఇంటిపేర్లు, వాటి గోత్రాలు రాసి తెచ్చుకోండి. ఇక్కడ ఒకే ఇంటిపేరు వాళ్లు చాలా ఊళ్ల నుంచి వచ్చారు, గోత్రం, ఊరు కలిపి చెబితే తప్ప విడదీయలేం. పాత కార్ఖానాల ఖాతా పుస్తకాలు కొన్ని ఇళ్లలో అటకల మీద ఇంకా ఉన్నాయి, ముందుపైకం ఎవరు ఎంత తీసుకున్నారో అందులో ఊరి పేరుతో సహా రాసి ఉంటుంది. అవి మరాఠీకి పూర్వం వాడిన మోడీ అనే గొలుసుకట్టు లిపిలో ఉంటాయి, మీకూ నాకూ చదవడానికి రాదు గాని, చదవగలిగిన పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉన్నారు. ఆయనకు మధ్యాహ్నం నిద్ర అలవాటు, ఉదయం పదింటిలోపు వెళ్దాం.